అణచివేతను చూపించడమంటే విలన్‌ను చూపించడమేనా?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక సినిమా పేజీలో ఈ మధ్య తెలుగు తెర మీద అణచివేత అనే అంశంపై వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. వ్యాసకర్త ఎన్నో చిత్రాల పేర్లు చెప్పారు, శ్రమపడి రాశారు, అందుకు అభినందనలు. అయితే ఆ జాబితాను ఆయన కూర్చిన పద్ధతి మీదే నాకు అభ్యంతరం ఉంది. ఊరిని పీడించే దొరో, ఫ్యాక్షన్ నాయకుడో, లంచగొండి మంత్రో ఒకడు ఉండి, చివరి రీలులో కథానాయకుడి చేతిలో వాడు చచ్చిపోతే చాలు, ఆ చిత్రాన్ని ఆయన అణచివేతపై వచ్చిన చిత్రంగా లెక్కవేశారు. ఆ లెక్కన మన పరిశ్రమ గత నలభై ఏళ్లలో తీసిన చిత్రాల్లో సగానికి పైగా సామాజిక చిత్రాలే అవుతాయి. ఇంత గొప్ప పేరుకు మన పరిశ్రమ అర్హమైనదని నేను అనుకోలేకపోతున్నాను.

ఒక మనిషి దుర్మార్గుడు కావడం వేరు, కొందరు మనుషులు మరికొందరి మీద పెత్తనం చేయడానికి ఊరంతా కలిసి ఒక ఏర్పాటు చేసుకోవడం వేరు. ఆ ఏర్పాటులో దొర ఒక్కడే ఉండడు. లెక్కలు రాసే పట్వారీ, ఫిర్యాదు తీసుకోని జమేదారు, దేవుడి పేరు చెప్పి సర్దుకొమ్మనే పూజారి, ఇవన్నీ తెలిసినా మనకెందుకని తలుపు వేసుకునే పొరుగువాడు, అందరూ తలా ఒక చెయ్యి వేస్తారు. దీన్ని చూపించిన చిత్రాలు మనకు కొన్ని ఉన్నాయి. మీ వ్యాసంలో వాటికి దక్కిన చోటు చాలా తక్కువ.

మొట్టమొదట చెప్పుకోవలసింది 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ' గురించి. అంతకు ముందు ఏడాదే ఆయన 'మాలపిల్ల' తీసి అంటరానితనం మీద తెలుగు ప్రేక్షకుణ్ణి నిలదీశారు. 'రైతుబిడ్డ'లో జమీందారీ పన్నుల కింద నలిగే రైతును తెరకెక్కించారు, ఆ పాత్రను బళ్లారి రాఘవ వంటి మహానటుడి చేత వేయించారు. ఈ రెండు చిత్రాలనూ నిర్మించిన సారథి ఫిలిమ్స్ వెనుక ఉన్నది చల్లపల్లి జమీందారు కావడం చరిత్రలోని వింతల్లో ఒకటి. 'రైతుబిడ్డ' బయటకు రాగానే వెంకటగిరి, బొబ్బిలి సంస్థానాధీశులు తమ మీద తీశారంటూ అభ్యంతరం చెప్పారు, కొన్ని ప్రాంతాల్లో ప్రదర్శన నిషేధానికి గురైంది. ఒక కల్పిత కథను చూసి నిజమైన జమీందార్లు తమను తాము అందులో గుర్తుపట్టడం గమనించదగ్గది. ఒక్క క్రూరుడి కథే అయితే వారికి భుజాలు తడుముకోవలసిన అవసరం రాదు. పన్ను వసూలు చేసే పద్ధతినే ఆ చిత్రం ప్రశ్నించింది గనుక అది వారందరికీ తగిలింది. మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చిందని గుర్తుంచుకుంటే, తొమ్మిదేళ్ల ముందే ఆ మాట తెర మీద అనడానికి ఎంత తెగువ కావాలో అర్థమవుతుంది.

ఇక తెలంగాణ గ్రామాన్ని అందరి కంటే దగ్గరగా చూసింది, హైదరాబాదు శివార్లలో పుట్టి పెరిగి, 2024 డిసెంబరు 23న కన్నుమూసిన దర్శకుడు శ్యామ్ బెనెగల్. ఆయన తొలినాళ్ల చిత్రాలైన 'అంకుర్', 'నిశాంత్' హిందీవే, కానీ వాటిలోని మనుషులు మన మనుషులు, వారు మాట్లాడేది మన వీధుల్లోని దక్కనీ ఉర్దూ. వాటిని తెలుగు చిత్రాల చర్చలో నుంచి భాష పేరుతో తప్పించడం నాకు సబబుగా కనిపించదు.

1974లో వచ్చిన 'అంకుర్'లో భూస్వామి కొడుకు సూర్య ఏ కోణం నుంచి చూసినా విలన్ కాడు. పట్నంలో చదివినవాడు, కులం పట్టింపు లేదంటాడు, ఊరివాళ్లు ఏమనుకున్నా పనిమనిషి లక్ష్మి చేతి టీ తాగుతాడు. తండ్రి ఒక స్త్రీని ఉంచుకుని ఆమెకు పొలం రాసిచ్చాడని లోలోపల రగిలిపోతుంటాడు కూడా. అలాంటివాడు, లక్ష్మి భర్త కిష్టయ్య కల్లు దొంగతనంలో పట్టుబడితే గుండు గీయించి గాడిద మీద ఊరేగింపజేస్తాడు, ఆ అవమానంతో అతను ఊరు విడిచి వెళ్లిపోయాక లక్ష్మిని చేరదీస్తాడు, ఆమె గర్భవతి కాగానే తీయించుకొమ్మంటాడు. తండ్రి చేసినదే తానూ చేస్తున్నాడు, పైగా తండ్రి ఇచ్చినపాటి భద్రత కూడా ఇవ్వకుండా. మాట, వినికిడి లేని కిష్టయ్య చివరికి తిరిగి వచ్చి, పెళ్లాం కడుపు పండిందన్న సంతోషంతో, పని అడుగుదామని దొర దగ్గరికి పరుగున వస్తుంటే, పగ తీర్చుకోవడానికే వస్తున్నాడని భయపడి సూర్య అతణ్ణి కొరడాతో కొడతాడు. ఆ దెబ్బల్లో ద్వేషం కంటే భయమే ఎక్కువ. పెత్తనం చేసేవాడు ఎంత పిరికివాడో, ఆ పిరికితనం కింద నలిగేవాడి ఒంటి మీద ఎలా తేలుతుందో ఇంత స్పష్టంగా చూపిన సన్నివేశం మన సినిమాల్లో నాకు మరొకటి కనిపించలేదు. తర్వాత ఒక పిల్లవాడు ఆ ఇంటి కిటికీ మీదికి రాయి విసురుతాడు. ఆ రాయిని విప్లవమని మెచ్చుకున్నవారున్నారు, అమాయకత్వమని పెదవి విరిచినవారూ ఉన్నారు. నా మట్టుకు నాకు ఆ రాయి కంటే అంతకు ముందు చుట్టూ నిలబడి చూస్తూ ఊరుకున్న జనమే ఎక్కువ గుర్తుండిపోయారు.

మరుసటి ఏడాది 'నిశాంత్' వచ్చింది. విజయ్ టెండూల్కర్ రచన, చిత్రీకరణ పోచంపల్లిలో, కథాకాలం 1945. ఊరికి కొత్తగా వచ్చిన బడిపంతులు భార్యను భూస్వామి తమ్ముళ్లు ఎత్తుకుపోతారు. సగటు చిత్రంలో అయితే ఆ క్షణం నుంచి పంతులు చేతికి కత్తి వస్తుంది. ఇక్కడ మాత్రం ఆయన పోలీసుల దగ్గరికి, వకీలు దగ్గరికి, కలెక్టరు దగ్గరికి వరుసగా తిరుగుతాడు. ఎవ్వరూ ఆయనను కొట్టరు, తిట్టరు. ఒకరు సాక్ష్యం ఏదంటారు, ఇంకొకరు చూద్దామంటారు. పంతులుగా వేసిన గిరీశ్ కర్నాడ్ ముఖంలో రోజురోజుకూ పెరిగే నిస్సహాయతను చూస్తే, ఆ ఊరిని ఏలుతున్నది భూస్వామి ఒక్కడే కాదనీ, చూద్దామన్న ఆ మాట కూడా ఏలుబడిలో భాగమేననీ తెలిసిపోతుంది. చివరికి ఊరు తిరగబడినప్పుడు, ఎవరి కోసం తిరగబడ్డారో ఆ పంతులు భార్య సుశీల ప్రాణం కూడా ఆ గుంపు చేతిలోనే పోతుంది. ప్రేక్షకుడికి చప్పట్లు కొట్టే అవకాశం దర్శకుడు ఇవ్వలేదు. అందుకు అప్పట్లో ఆయనను విమర్శించినవారు లేకపోలేదు. ఆ విమర్శను కొట్టిపారేయలేను గానీ, చప్పట్లతో ముగిసి ఉంటే ఆ చిత్రాన్ని ఎప్పుడో మరిచిపోయేవాళ్లమని మాత్రం అనగలను.

బి.నర్సింగరావు నిర్మించగా తెలంగాణ రైతుల సాయుధ పోరాటంపై గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన 'మా భూమి' గురించి మీ వ్యాసంలో ఒక పేరా ఉంది, సంతోషం. అయితే అందులో పాటల ప్రస్తావన తప్ప, ఆ చిత్రం చేసిన అసలు సాహసం గురించి ఒక్క మాట కూడా లేదు. నిజాం పాలన పోయి, 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చిన దగ్గర కథను ముగిస్తే అందరికీ క్షేమంగా ఉండేది. ఆ చిత్రం అక్కడ ఆగదు. సైన్యం వెనుకనే పాత దొరలు ఊళ్లకు తిరిగి రావడం, పంచుకున్న భూములను వెనక్కి లాక్కోవడం, రైతులు మళ్లీ ఎదురు నిలవడం, కథానాయకుడు రామయ్య చనిపోవడం చూపిస్తుంది. జెండా మారినంత మాత్రాన దొర కోట, అంటే గడీ, కదలదన్న మాటను ఒక చారిత్రక సందర్భంలో, తేదీతో సహా చెప్పిన తెలుగు చిత్రం అది. సెప్టెంబరు 17ను ఏ పేరుతో జరపాలన్న దాని మీద ఈనాటికీ ఏటేటా వాదించుకునే మన పార్టీలవారు, ఆ తర్వాతి మూడేళ్లలో ఏం జరిగిందో చూపించిన ఆ చివరి రీళ్లను ఒకసారి చూస్తే బాగుంటుంది.

ఇదే నర్సింగరావు దర్శకత్వం వహించిన 'దాసి' మీ జాబితాలో లేనే లేదు. 1988 సంవత్సరానికి ఐదు జాతీయ పురస్కారాలు అందుకున్న చిత్రం అది. అర్చనకు ఉత్తమ నటి పురస్కారం తెచ్చినదీ అదే. అందులో కథానాయకుడు లేడు, తిరుగుబాటు లేదు, ఉపన్యాసం లేదు. దొరసాని పుట్టింటి నుంచి అరణంగా, అంటే పెళ్లి కానుకల్లో ఒకటిగా, వచ్చిన కమలాక్షి తెల్లవారింది మొదలు గడీలో ఊడవడం, మోయడం, కాళ్లు పిసకడం, పిలిస్తే పడకగదికి వెళ్లడం, ఇంతే. గర్భం వస్తే దాన్ని ఉంచుకోవాలో వద్దో నిర్ణయించేది కూడా ఆమె కాదు. ఇలాంటి దాసీలను పిలిచే ఆడబాప అన్న మాట మా జిల్లాల్లో పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది, ఆ మాట అన్నప్పుడు వారి గొంతు తగ్గడం కూడా నాకు తెలుసు. ఆ చిత్రంలో ఎవరూ పెద్దగా అరవరు. అరవవలసిన అవసరం ఎవరికీ లేనంతగా అందరికీ తమ తమ స్థానాలు తెలుసు. దొరసాని కూడా ఆ గోడల మధ్య బందీయే, కానీ ఆ బందీ చేతిలో మరొక బందీ ఉంటుంది. నెమ్మదిగా సాగుతుందని చాలామంది ఫిర్యాదు చేశారు. గడీలో కాలం కమలాక్షికి ఎలా గడిచిందో మనకూ అలాగే గడవాలన్నది దర్శకుడి ఉద్దేశమని నేను అనుకుంటాను.

ఈ చిత్రాల పక్కన పెట్టి చూస్తే వ్యాపార చిత్రాల లోటు ఎక్కడుందో తెలుస్తుంది. మాదాల రంగారావు, టి.కృష్ణ, ఆర్.నారాయణమూర్తి వంటివారిని నేను ఈ మాటలో కలపడం లేదు. వారు సెన్సారు వారితో తలపడి, పంపిణీదారులను బతిమాలుకుని, కూలీలు, రిక్షా కార్మికులు టికెట్లు కొనుక్కుని చూసే చిత్రాలు తీశారు, ఆ గౌరవం వారికి దక్కాలి. వారి చిత్రాల్లోనూ ముగింపు చాలాసార్లు ఒకడి చావుతోనే జరిగినా, ఆ దారిలో భూమి, కూలి, వడ్డీ, ఎన్నికలు అనే మాటలు వినిపించేవి. తర్వాత వచ్చిన పెద్ద బడ్జెట్ చిత్రాలు ఆ మాటలను తీసేసి, చావును మాత్రం ఉంచుకున్నాయి. ఊరికి ఏదో ఒక పురం పేరు పెడతారు, ఆ ఊరికి దళితవాడ ఉండదు. పీడితులు ఏ కులంవారో చెప్పరు, పీడించేవాడు ఏ కులంవాడో అసలే చెప్పరు, వాడికి ఏదో ఒక ప్రాంతపు యాస మాత్రం తగిలిస్తారు. దశాబ్దాల పాటు తెలంగాణ, రాయలసీమ యాసలు ఈ పనికే ఉపయోగపడ్డాయన్నది ఆ ప్రాంతాల ప్రేక్షకులకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. 1985 జులైలో కారంచేడులో, 1991 ఆగస్టులో చుండూరులో దళితులను ఊచకోత కోశారు. చుండూరు కేసులో ప్రత్యేక న్యాయస్థానం 2007లో శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఇంత విషయం కళ్ల ముందు ఉండగా మన పెద్ద నిర్మాణ సంస్థలు దాని జోలికి వెళ్లకపోవడం యాదృచ్ఛికమని నేను నమ్మలేను. 'పలాస 1978' వంటి ప్రయత్నాలు చిన్న బడ్జెట్లలోనే జరిగాయి.

దీనికి నిర్మాతల పిరికితనం ఒక్కటే కారణమంటే అన్యాయమవుతుంది. తెర మీద ఏది కనిపించవచ్చో నిర్ణయించే యంత్రాంగం గురించి కూడా చెప్పుకోవాలి. 1921లో 'భక్త విదుర' అనే మూకీ చిత్రంలో విదురుడు గాంధీజీని పోలి ఉన్నాడని మద్రాసులో నిషేధించిన నాటి నుంచి అది పని చేస్తూనే ఉంది. ఎమర్జెన్సీ కాలంలో అధికార రాజకీయాలను ఎగతాళి చేస్తూ పార్లమెంటు సభ్యుడు అమృత్ నాహటా తీసిన 'కిస్సా కుర్సీ కా' ప్రతులను స్వాధీనం చేసుకుని గుర్గావ్‌లో తగలబెట్టారు. ఆ కేసులో సంజయ్ గాంధీకి, అప్పటి సమాచార మంత్రి విద్యాచరణ్ శుక్లాకు 1979లో శిక్షపడింది, 1980లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అది అందరికీ తెలిసిన మోటు పద్ధతి. ఈనాటి పద్ధతి అంతకంటే నాజూకైనది. 2025లో కులవివక్షపై పోరాడిన సంఘసంస్కర్త జోతిరావు ఫులే జీవితంపై హిందీలో వచ్చిన చిత్రంలో మూడు వేల ఏళ్ల బానిసత్వం అన్న మాటను ఎన్నో ఏళ్ల బానిసత్వంగా మార్పించారు, కొన్ని కులాల పేర్లు తీయించారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫులే పేరుతో బీసీ గురుకులాలు నడుస్తున్నాయి, ఆ బడుల్లో పిల్లలు ఆయన రాసినదాన్ని చదువుకోవచ్చు, తెర మీద వినడానికి మాత్రం వీల్లేదు. కులం పేరు, కాలం లెక్క తీసేశాక మిగిలేది ఎవరికీ తగలని బాధ. బ్రిటన్ తరఫున ఆస్కార్ పోటీకి వెళ్లిన 'సంతోష్' అనే హిందీ చిత్రం పోలీసు వ్యవస్థలో కులాన్ని, హింసను చూపినందుకు మన దేశపు థియేటర్లలో విడుదలకే నోచుకోలేదు.

పూర్వం సెన్సారు బోర్డు నిర్ణయం నచ్చకపోతే నిర్మాత వెళ్లి మొరపెట్టుకోవడానికి ఒక అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉండేది. 2021 ఏప్రిల్‌లో దాన్ని రద్దు చేశారు. ఇప్పుడు నేరుగా హైకోర్టుకు వెళ్లాలి. విడుదల తేదీ దగ్గరపడి, వడ్డీలు పెరుగుతున్న చిన్న నిర్మాత కోర్టుకు వెళ్తాడా, చెప్పిన చోటల్లా కోసేసుకుని బయటపడతాడా అన్నది పెద్ద ఆలోచన అక్కర్లేని ప్రశ్న. బోర్డు పని వయసును బట్టి ధ్రువీకరించడం వరకే పరిమితం కావాలని 2016లో బెనెగల్ అధ్యక్షతన వేసిన కమిటీయే సిఫారసు చేసింది. 2023 సవరణలో వయసుల వారీ విభజన చేరింది గానీ కత్తెర బోర్డు చేతిలోనే ఉంది.

రాష్ట్ర ప్రభుత్వాలదీ ఇందులో తక్కువ పాత్ర కాదు. వీధుల్లో గొడవ జరుగుతుందనే భయంతో సినిమాను ఆపడం చెల్లదని, శాంతిభద్రతలను కాపాడవలసిన బాధ్యత ప్రభుత్వానిదేనని రిజర్వేషన్ల మీద వచ్చిన ఒక తమిళ చిత్రం కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అయినా 2011లో అదే రిజర్వేషన్ల అంశంపై ప్రకాశ్ ఝా తీసిన 'ఆరక్షణ్' ప్రదర్శనను ఆపిన రాష్ట్రాల్లో ఉత్తరప్రదేశ్, పంజాబ్‌లతో పాటు అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ విషయంలో తేడా పెద్దగా కనిపించదు.

ఇన్ని అడ్డంకుల మధ్య కూడా చెప్పదలచుకున్నవారు చెప్పగలుగుతున్నారనడానికి 2021లో వచ్చిన 'జై భీమ్' ఒక నిదర్శనం. తమిళ చిత్రమే అయినా తెలుగులోనూ విడుదలై మన ఇళ్లలో అందరూ చూశారు. కథానాయకుడు లాయరు కనుక అందులోనూ ఒక వీరుడు ఉన్నాడని ఆక్షేపించవచ్చు, అందులో కొంత నిజముంది. అయినా దాని మొదటి సన్నివేశం ముందు నా అభ్యంతరాలన్నీ చిన్నబోయాయి. జైలు నుంచి విడుదలై గేటు దాటి వస్తున్నవారిని ఒక అధికారి వరుసగా కులం అడుగుతాడు. కొందరిని ఇంటికి పొమ్మంటాడు, కొందరిని పక్కన నిలబెడతాడు. పక్కన నిలబడ్డవారిని పరిష్కారం కాని కేసుల్లో ఇరికించడానికి పోలీసులు మళ్లీ పంచుకుని తీసుకుపోతారు. అక్కడ కోపం లేదు, పగ లేదు, రోజూ జరిగే ఆఫీసు పనిలా సాగిపోతుంది. ఈ ఉత్తరం మొదట్లో ఏర్పాటు అని నేను అన్నది ఇదే.

అందుచేత మీ సినిమా పేజీకి నాదొక విన్నపం. మీ సమీక్షకులు ఇటువంటి చిత్రాలను సమీక్షించేటప్పుడు నటన, సంగీతం, ఛాయాగ్రహణం అంటూ మార్కులు వేసే ముందు, ఈ కథ ఏ జిల్లాలో, ఏ సంవత్సరంలో, ఎవరి మధ్య జరుగుతోందో దర్శకుడు చెప్పాడా లేదా, చెప్పకపోతే ఎందుకు చెప్పలేదో ఒక్క వాక్యమైనా రాయాలి. బోర్డు ఇచ్చే ధ్రువపత్రంలో తొలగింపుల వివరాలు నమోదవుతాయి కాబట్టి, నిర్మాతను అడిగి ఆ వివరాలను సమీక్షతో పాటు ప్రచురించే అలవాటు మీ పత్రిక మొదలుపెట్టాలి. వచ్చే ఆదివారం సంచికలోనే 'దాసి' గురించి తెలిసినవారి చేత ఒక వ్యాసం రాయించగలిగితే, జాబితాలో జరిగిన లోపం కొంతవరకైనా సరిదిద్దినట్లవుతుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ